సదరు తలుపు, సదరు బాలిక

ఆ రోజు ఇంట్లో ఉన్నది జేజి, అమ్మ, నాయన, నేను, గంపలో గుడ్ల మీద కూర్చున్న కోడి. కోడి సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తరవాత వచ్చిన అధికారులు దాన్ని కూడా రాసుకున్నారు. తలుపును మాత్రం మాలో ఎవరం లెక్కలోకి తీసుకోలేదు. అది తెల్లవారితే తెరుచుకునేది, చీకటి పడగానే మూసుకునేది. అంతకు మించి దానికీ మాకూ మధ్య ఏమీ లేదు.

మా ఊరు గుండ్లవంక. పాత వస్తువులను ఇంటర్నెట్‌లో వేలానికి పెడితే నగరాల్లో జనం పోటీపడి కొంటున్నారని పైవాళ్ళకు ఎవరో చెప్పారు. రాగి చెంబులూ తుప్పు పట్టిన తాళాలూ కొనుక్కుని అద్దాల బీరువాల్లో పెట్టుకుంటున్నారట. ఆ మాట విని పైవాళ్ళు ఊరికే ఉండి ఉంటే బాగుండేది. వాళ్ళు ఒక సంస్థ పెట్టారు. పేరు సంప్రదాయ వస్తు సమృద్ధి సంస్థ. నినాదం, 'ఇంటింటికీ ఒక పురావస్తువు'. ప్రతి ఇల్లూ ఒక పాత వస్తువును సంస్థవారి పోర్టల్‌లో వేలానికి పెట్టాలి. పెట్టలేని ఇంటిని 'వారసత్వ రహిత గృహం' అని ప్రకటిస్తారు. అట్లా ప్రకటిస్తే ఏమవుతుందో ఉత్తర్వులో లేదు. లేదు కాబట్టే అందరూ భయపడ్డారు. రేషన్ కార్డు తీసేస్తారని కొందరు, కరెంటు తీగ కత్తిరిస్తారని కొందరు అన్నారు. ఇంట్లో పాతది ఏదీ లేనివాళ్ళు కొత్త ఇత్తడి బిందెలు కొనుక్కొచ్చి, పాతబడడానికని పేడదిబ్బలో పూడ్చారు.

ఈ పనికి మా ఊళ్ళో బాధ్యుడు మద్దిలేటి. మా వీధివాడే. గ్రామ సచివాలయంలో చిన్న ఉద్యోగం చేసేవాడు. ఆదివారం మా ఇంటికొచ్చి జేజి చేసిన ఉగ్గాని తినిపోయేవాడు. అతనికి 'గ్రామ పురావస్తు మిత్ర' అనే హోదా ఇచ్చి, మెడలో వేసుకోవడానికి ఒక కార్డు ఇచ్చారు. కార్డు మెడలో పడగానే అతని భాష మారిపోయింది. అంతకు ముందు వాకిట్లోంచే "జేజీ, నీళ్ళు" అనేవాడు. ఇప్పుడు "సదరు గృహస్థురాలు తాగునీరు సమకూర్చవలసిందిగా కోరడమైనది" అనసాగాడు. జేజి ఆ కార్డు తీసి గోడమేకుకు తగిలించి రమ్మనేది. తగిలించి వచ్చాకే చెంబు ఇచ్చేది.

నాకప్పుడు పదో తరగతి. మా ఊళ్ళో బడి పది దాకానే. ఆ తరవాత టౌనులో ఆడపిల్లల గురుకుల కాలేజీలో చేరాలని నాకు ఉండేది. జేజికి తప్ప ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మనుషులతో మాట్లాడడం నాకు పెద్దగా రాదు. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే తలుపు వెనక్కి పోయి, రెక్క అంచు పట్టుకుని సగం మొహం పెట్టి చూస్తాను. డైరీ రాసుకునేదీ అక్కడే. ఇంత సిగ్గుతో కాలేజీలో ఎట్లా బతుకుతావని జేజి అడిగింది. అక్కడా తలుపులుంటాయి కదా అన్నాను.

ఆ రోజు వచ్చింది సంస్థ ప్రాంతీయ సమన్వయాధికారి పరంధామయ్య గారు. వెనక మద్దిలేటి, కార్డుతో. నాయన ముందుగానే మా పాత తిరగలిని కడిగి, పసుపు రాసి అరుగు మీద పెట్టాడు. పరంధామయ్య గారు దాన్ని చూడనైనా చూడలేదు. తిరగళ్ళ విభాగం నిండిపోయిందని, ప్రస్తుతం తిరగళ్ళను స్వీకరించే దశలో సంస్థ లేదని సెలవిచ్చారు. నాయన మొహం వాడిపోయింది. ఇక మాది వారసత్వ రహిత గృహమే అనుకున్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళబోతూ పరంధామయ్య గారు ఆగారు. మా తలుపు మీద చెయ్యి వేసి నిమిరారు.

తలుపు టేకుది. రెండు రెక్కలు, వాటి మీద అడ్డంగా వరసలు వరసలుగా ఇత్తడి గుబ్బలు. మా అమ్మ పండగలకు చింతపండుతో తోమేది.

"ఇది తలుపు కాదు" అన్నారు ఆయన.

"మరేంది నాయనా?" అంది జేజి.

"ఇది చారిత్రక ద్వార కవాటం."

"కవాటమో గివాటమో, మూసుకుంటే కుక్కలు రావు" అంది జేజి.

ఆయన వయసెంతని అడిగారు. జేజి తన వయసు చెప్పబోయింది. తలుపు వయసని మద్దిలేటి సర్దాడు. తను కోడలుగా ఈ ఇంటికి వచ్చిన రోజు ఈ తలుపు ఇట్లాగే ఉందని, తన అత్త కూడా అదే మాట చెప్పేదని జేజి చెప్పింది. ఆయన ఆలోచించి, 'కాలం: అత్తకు పూర్వం' అని రాయించారు.

తరవాత ఫోటో. సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఫోటోలో వస్తువు పక్కన ఇంకొక వస్తువు ఉండాలి. దాన్ని బట్టి అసలు వస్తువు ఎంతదో కొనేవాళ్ళకు తెలియాలి. దానికి 'తులనా వస్తువు' అని పేరు. అన్ని ఇళ్ళలో అగ్గిపెట్టె పెట్టారు. మా తలుపు పక్కన పెడితే అగ్గిపెట్టె కనబడలేదు. చెంబు పెట్టారు. అదీ ఆనలేదు. అప్పుడు పరంధామయ్య గారు కళ్ళజోడు సవరించుకుని తలుపు వైపు చూశారు. ఒక రెక్క తెరిచి ఉంది. మూసి ఉన్న రెక్క వెనక నిలబడి, దాని అంచు మీదుగా సగం మొహంతో నేను చూస్తున్నాను.

"సదరు బాలిక కదలరాదు" అన్నారు.

నేను అసలే కదలలేను. మద్దిలేటి ఫోన్‌తో ఫోటో తీశాడు. నా నడినెత్తి పై నుంచి మూడో వరస గుబ్బలకు సమానంగా ఉంది. పోర్టల్‌లో అట్లాగే ఎక్కించారు. 'ద్వార కవాటం. ఒక రెక్క తెరిచి ఉన్నది. తులనా వస్తువు: బాలిక, ఒకటి.' గంపలో కోడి ఫోటో అంచుకు బయట ఉందని, అయినా ముందు జాగ్రత్తగా రాసుకోవడం మంచిదని దాన్నీ రాసుకున్నారు.

అప్పుడు పరంధామయ్య గారు నిలబడి ఒక కాగితం చదివారు. మిగతా కాగితం నాకు గుర్తులేదు గానీ ఈ ముక్క గుర్తుంది. "నమోదు కాబడిన క్షణము మొదలు వేలము ముగియు క్షణము వరకు సదరు వస్తువు ఛాయాచిత్రమున అగుపడిన యథాస్థితిలోనే కొనసాగవలెను."

జేజి మద్దిలేటి వైపు చూసింది.

"వాకిలి మూయగూడదు జేజీ" అన్నాడు మద్దిలేటి. మా వైపు తలుపును వాకిలి అనే అంటారు.

"రాత్రిపూట?"

రాత్రి అనే పదం మార్గదర్శకాల్లో లేదని పరంధామయ్య గారు చెప్పారు.

మూస్తే ఏమవుతుందని నాయన భయంగా అడిగాడు. ఆయన గొంతు తగ్గించారు. "వేలము తక్షణమే రద్దగును. సదరు వస్తువు శాశ్వత అనర్హ వస్తువుగా ప్రకటింపబడును. ఆపైన అది ఎన్నటికీ పురావస్తువు కాజాలదు. ఓబులేసూ, ఇక జన్మలో అది ఒట్టి తలుపే."

నాయన చేతులు జోడించాడు. అటువంటి గతి మా ఇంటికి పట్టనివ్వనని మాటిచ్చాడు.

కొద్ది రోజుల్లో ఊరంతా యథాస్థితిలోకి వచ్చింది. ఎదురింటి నరసక్క రోలును, ఆమె ఊరిబిండి నూరుతుండగా ఫోటో తీశారు. రోట్లో శెనక్కాయలు సగం నలిగి ఉన్నాయి. కాబట్టి రోట్లో ఎప్పుడూ సగం నలిగిన ఊరిబిండి ఉండాలి. పాడైతే తీసేసి, కొత్తగా శెనక్కాయలు పోసి, సగం నూరి ఆపేసేది. వాళ్ళింట్లో ఆ ఏడు ఊరిబిండి తిన్నవాళ్ళు లేరు, నూరని రోజు లేదు. వీధి చివర బుడ్డప్ప తాత నులకమంచాన్ని తాత దాని మీద నిద్రపోతుండగా తీశారు. పరిశీలనకు ఎవరు వచ్చినా తాత నిద్రలో కనబడాలి. పండుకున్నందుకు తనను మెచ్చుకున్నది జీవితంలో ఈ సంస్థ ఒక్కటేనని తాత మొదట మురిసిపోయాడు. తరవాత తరవాత, ఎవరైనా వచ్చి చూస్తారేమోనన్న భయంతో నిద్ర పట్టడం మానేసింది. ఎర్రబడిన కళ్ళు గట్టిగా మూసుకుని పడుకునేవాడు.

మా ఇంటి సంగతి వేరు. మంచానికి నిద్రపోతే సరిపోతుంది, రోటికి నూరితే సరిపోతుంది. తెరిచిన తలుపుకు ఏం చేసినా సరిపోదు. మొదట కుక్కలు వచ్చాయి. తరవాత మేకలు. ఆ తరవాత మనుషులు. దారిన పోయేవాళ్ళు ఆగి, పొయ్యి మీద ఏముందో చూసి, ఉప్పు ఎక్కువైందనో చింతపండు తక్కువైందనో చెప్పిపోయేవాళ్ళు. అమ్మ నాయనను తిట్టాలంటే పెరట్లోకి తీసుకుపోవలసి వచ్చింది. సిగ్గుపడే మనిషికి తెరిచిన ఇంట్లో ఒకే ఒక చోటు మిగిలింది, మూసిన రెక్క వెనక. కానీ అది ఇప్పుడు నా చోటు కాదు, తులనా వస్తువు చోటు. జనం పనిగట్టుకుని వచ్చి, ఫోన్‌లో ఫోటో తెరిచి, అందులో ఉన్నది నేనే కదా అని పోల్చుకుని పోయేవాళ్ళు.

చీకటి పడగానే తలుపు మూయడం జేజి పని. ఆమె ఇంట్లో మిగతా పనులన్నీ అమ్మకు అప్పగించింది గానీ అది ఒక్కటీ అప్పగించలేదు. రెక్కలు దగ్గరికి లాగి, అడ్డగడియ వేసి, దాని మీద ఒకసారి అరచేత్తో తట్టి, అప్పుడు వచ్చి పడుకునేది. ఇప్పుడు పొద్దుగూకగానే అలవాటుగా లేచి తలుపు దాకా పోయేది. అక్కడ నిలబడి, గుర్తొచ్చి, తిరిగొచ్చేది. కొన్నాళ్ళకు తిరిగి రావడం మానేసింది. గడప లోపల అడ్డంగా చాప పరుచుకుని, పక్కన కట్టె పెట్టుకుని అక్కడే పడుకోసాగింది. తలుపు పురావస్తువు అయ్యాక తలుపు చేసే పని జేజి చేసింది.

ఈ లోపల కోడి గుడ్లు పొదిగి పిల్లలను లేపింది. మద్దిలేటి కార్డు వేసుకుని వచ్చి పిల్లలను లెక్కపెట్టి, 'అనుమతి లేని అదనపు వస్తువులు' అని పైకి రాశాడు. కోడి ఫోటో అంచుకు బయట ఉన్నందున ఈసారికి మన్నించడమైనదని జవాబు వచ్చింది.

మా తలుపు మీద వేలం పాట బాగా సాగుతోందని మద్దిలేటి చెప్పేవాడు. నగరంలో ఎవరో హోటలు ఆయన, తెరిచేటప్పుడు తలుపు ఎట్లా కిర్రుమంటుందో వినాలని అడిగాడట. తలుపు కదిపితే యథాస్థితి పోతుంది. కదపకపోతే చప్పుడు రాదు. పరంధామయ్య గారు రెండు రోజులు ఆలోచించి, చప్పుడుకు సంబంధించి యథాస్థితి నియమం ఏదీ లేదు గనక సమాన స్వభావం గల చప్పుడును పంపవచ్చునని నిర్ణయించారు. మద్దిలేటి పోయి బుడ్డప్ప తాత మంచం కిర్రుమనడం రికార్డు చేసి పంపాడు. అందులో తాత దగ్గు కూడా పడింది. హోటలు ఆయన మళ్ళీ కనబడలేదు.

పరీక్షలు వచ్చాయి. పరీక్ష రాసిన ప్రతి రోజుకూ 'తులనా వస్తువు తాత్కాలిక గైర్హాజరు' కింద నాయన అనుమతి తెచ్చాడు. బాగానే రాశాను. ఎండాకాలం వచ్చింది. ఆ ఎండాకాలంలో నేను పెరిగాను. మా ఇంట్లో ఎవరూ గమనించలేదు. పరికిణీలు పొట్టివవుతుంటే అమ్మ అంచులు విప్పి కుట్టింది, అంతే. గమనించింది పరంధామయ్య గారు.

ఆయన పరిశీలనకు వచ్చారు. నేను రెక్క వెనక నిలబడి సగం మొహం పెట్టాను. ఆయన ఫోన్‌లో ఫోటో చూశారు, తలుపు చూశారు, మళ్ళీ ఫోటో చూశారు. ఫోటోలో నా నెత్తి మూడో వరస గుబ్బల దగ్గర ఉంది. ఇప్పుడు రెండో వరసను దాటబోతోంది. ఆయన కుర్చీ వేయించుకుని కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

"తలుపు కుంచించుకుపోయినది" అన్నారు.

అమ్మాయి పెరిగింది సార్ అని నాయన చెప్పాడు. ఆయన జాలిగా నవ్వారు.

"ఓబులేసూ, తులనా వస్తువు స్థిరము. స్థిరము కనుకనే అది తులనా వస్తువు. దానిని బట్టి తలుపును కొలుతుము గానీ, తలుపును బట్టి దానిని కొలువము. బాలిక స్థిరమైనచో, గుబ్బలు కిందికి దిగినచో, ఏది కుంచించినట్లు?"

నాయన కాసేపు ఆలోచించి, తలుపే సార్ అన్నాడు.

వారం తిరగకుండా తాఖీదు వచ్చింది. సదరు తలుపు కుంచించుకుపోవుటకు గల కారణములు తెలుపవలెననీ, ఇది ఉద్దేశపూర్వక చర్య కాదని నిరూపించుకొనవలెననీ. నాయన మద్దిలేటి చేత జవాబు రాయించాడు. మా తలుపు కుంచించలేదు, మా అమ్మాయి చౌడేశ్వరి పెరిగింది, ఆ వయసు పిల్లలు పెరుగుతారు అని. దానికి ఇంకొక తాఖీదు వచ్చింది. వేలము కొనసాగుచుండగా సదరు బాలిక ఎవరి అనుమతితో పెరిగినది?

ఆ తాఖీదు మద్దిలేటి అరుగు మీద కూర్చుని చదివాడు. కార్డు మేకుకు ఉంది. చదవడం అయ్యేసరికి నరసక్క రోటి చప్పుడు సగంలో ఆగిపోయింది.

"ఏమన్నా తగ్గించే మందుంటాదా మద్దిలేటీ?" అని నాయన అడిగాడు. ఆయన నిజంగానే అడిగాడు.

మందు లేదు గానీ ఉపాయం ఉందని పరంధామయ్య గారి దగ్గరినుంచి కబురు వచ్చింది. మూసిన రెక్క వెనక, నేను నిలబడే చోట, నేల మీద పరిచిన బండ ఒకటి లేపాలి. కింద గుంత తవ్వాలి. నేను గుంతలో నిలబడితే నెత్తి మళ్ళీ మూడో వరసకు వస్తుంది. గుంత ఫోటోలో కనబడదు గనక యథాస్థితికి భంగం లేదు. నాయన పార తెచ్చాడు. అమ్మ ఏడుస్తూ బండ పట్టుకుంది. జేజి మాత్రం చాప మీద కూర్చుని చూసింది. గుంత తవ్వాక నన్ను నిలబెట్టి చూశారు. కొంచెం ఎక్కువ లోతయింది. మట్టి పోసి సరిచేశారు. తలుపు మునుపటి ఎత్తుకు వచ్చిందని మద్దిలేటి పైకి రాశాడు. తలుపును పూర్వస్థితికి తెచ్చినందుకు మా నాయనకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఏం చేయాలో తెలియక ఆయన తిరగలి కింద పెట్టాడు.

గుంతలో నిలబడినప్పుడు వీధి మొత్తం కొంచెం పైకి కనబడేది. మేకల మొహాలు నా మొహానికి ఇంకొంచెం దగ్గరగా వచ్చేవి.

ఆ నెలలోనే నాకు గురుకుల కాలేజీలో సీటు వచ్చింది. జూన్‌లో ఒక సోమవారం మధ్యాహ్నంలోగా వచ్చి చేరాలి, చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ కబురు ముందు జేజికే చెప్పాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, నెత్తి ఎంత ఎత్తుకు వచ్చిందో మొదటిసారి చూసుకుంది.

నాయన సచివాలయానికి పోయాడు. నన్ను విడుదల చేయమని, నా బదులు ఇంకొకరిని నిలబెట్టుకోమని అర్జీ పెట్టాడు. మా చిన్నాయన కూతురు ఉంది, ఆమె నెత్తి గుంత లేకుండానే మూడో వరసకు వస్తుంది. పరంధామయ్య గారు ఒప్పుకోలేదు. ఒక వస్తువుకు రెండు తులనా వస్తువులు ఉండుట పాటదారులను తప్పుదారి పట్టించుట అగునన్నారు. చదువుకు తాము వ్యతిరేకులం కామనీ, వేలము ముగిసిన మరుక్షణము సదరు బాలిక ఎంతైనా చదువుకొనవచ్చుననీ సెలవిచ్చారు.

వేలం ఎప్పుడు ముగుస్తుందని నాయన అడిగాడు. దానికి ఆయన ఆకాశం వైపు చూశారు.

ఆదివారం మద్దిలేటి ఉగ్గానికి వచ్చాడు. జేజి అడగకుండానే కార్డు మేకుకు తగిలించాడు. జేజి ప్లేటు ముందు పెట్టి, తినేదాకా ఊరుకుని, అప్పుడు అడిగింది.

"మద్దిలేటీ, ఈ పాట పాడేది ఎవురు?"

అతను మజ్జిగ తాగాడు. ఇంకా కొంచెం తాగాడు. చివరికి చెప్పాడు. ఆ హోటలు ఆయన పోయాక మా తలుపు మీద బయటివాళ్ళు ఎవరూ పాడడం లేదు. సంస్థకు పైనుంచి ఇచ్చిన లక్ష్యం అమ్మకాలు కాదు, పాటలు. వేలం ఎంత చురుగ్గా సాగితే సంస్థ అంత బాగా పనిచేస్తున్నట్టు. అందుకని పక్క ప్రాంతీయ కార్యాలయం వాళ్ళు మా తలుపు మీద పాడతారు. మా ప్రాంతీయ కార్యాలయం వాళ్ళు వాళ్ళ ఊళ్ళోని ఊయల మీద పాడతారు. గడువు ముగిసే గంటలో పాట వస్తే గడువు దానంతటదే పెరుగుతుంది. ప్రతిసారీ ఆ గంటలోనే పాడతారు.

"అంటే, అది అయిపోదా?" అంది అమ్మ.

"మనది రాష్ట్రంలోనే మొదటి స్థానం అత్తా" అన్నాడు మద్దిలేటి. చెప్పేటప్పుడు అతని గొంతులో కొంచెం గర్వం ఉంది. తరవాత నా వైపు చూసి తల దించుకున్నాడు.

జేజి ఖాళీ ప్లేటు తీసుకుంటూ మద్దిలేటిని ఒక్క మాట మళ్ళీ చెప్పమంది. తలుపు మూస్తే ఏమవుతుందన్నారు ఆ సార్?

"శాశ్వత అనర్హ వస్తువు జేజీ. ఇంగ అది ఎప్పుటికీ ఒట్టి వాకిలే."

"ఒట్టి వాకిలి" అంది జేజి. ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూసినట్టుగా అంది.

నేను కాలేజీలో చేరవలసిన ఆ సోమవారం పొద్దుననే సంస్థ సంచాలకులు మా తలుపును ప్రత్యక్ష ప్రసారంలో చూస్తారని ముందే కబురు ఉంది. రాష్ట్రంలో మొదటి స్థానం కదా. వీధి ఊడ్చి ముగ్గు వేశారు. అమ్మ గుబ్బలు తోమింది. నరసక్క కొత్త శెనక్కాయలు సగం నూరి పెట్టింది. బుడ్డప్ప తాత మాత్రం మంచం దిగి చూడడానికి వచ్చాడు. మంచం ఖాళీగా ఉందని ఎవరో అంటే, తాను మంచం మీదే ఉన్నాననీ వీళ్ళు కల కంటున్నారనీ అన్నాడు. పరంధామయ్య గారు ఇస్త్రీ చొక్కాతో, ఫోన్‌ను ఒక కర్రకు బిగించి పట్టుకుని వచ్చారు. ఫోన్‌లో సంచాలకుల మొహం ఉంది. చాలా దూరంలో ఉన్నట్టు, చిన్నగా.

టౌను బస్సు రోడ్డు మీదికి వచ్చే వేళ అది.

నేను గుంతలో దిగి, సగం మొహం పెట్టాను. వీధి నిండా జనం. పరంధామయ్య గారు మా తలుపు చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. అత్తకు పూర్వం నుంచి మొదలుపెట్టారు. అప్పుడు జేజి లోపలి గదిలోంచి నా రేకుపెట్టెను నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. అందులో నా బట్టలూ, దుప్పటీ, డైరీ ముందు రోజే సర్దేసింది. నాకు తెలియదు. పెట్టెను తెరిచిన రెక్క దాటించి, గడప దాటించి, ముగ్గు మీద పెట్టింది.

"అవ్వా, ఈ పెట్టె ఛాయాచిత్రమున లేదు" అన్నారు పరంధామయ్య గారు, ఫోన్‌ను ఇంకో వైపు తిప్పుతూ.

"లేదు నాయనా" అంది జేజి. నా దగ్గరికి వచ్చింది. "మ్మే చౌడీ, గుంతలోంచి లెయ్."

నాయన ఒక అడుగు ముందుకు వేశాడు. "మా, వద్దు మా, ఆయప్ప వాళ్ళు..." అన్నాడు. జేజి ఆయన వైపు చూసింది. ఆయన ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. అమ్మ నా చంక కింద చెయ్యి వేసి పైకి లాగింది. పైకి వచ్చేసరికి నా నెత్తి రెండో వరస దాటింది. ఫోన్‌లోంచి సంచాలకుల గొంతు, తలుపు ఎందుకు కుంచించుకుపోతోందని అడిగింది.

"కుడికాలు పెట్టి దాటు" అంది జేజి.

దాటాను. వీధి మొత్తం ముందుంది. నేను ఎటు చూడాలో తెలియక పెట్టె వైపు చూశాను. మద్దిలేటి మెడలోంచి కార్డు తీసి, మేకు దగ్గరలో లేక జేబులో పెట్టుకుని, పెట్టెను భుజానికి ఎత్తుకున్నాడు. "బస్సు ఆపమని చెప్తా, బిరబిర రా" అని నాతో అని పోయాడు.

లోపల జేజి చాప చుట్టి పక్కన పెట్టింది. తెరిచిన రెక్క మీద రెండు చేతులూ వేసింది. ఆరు నెలలుగా కదలని రెక్క. వానకు ఉబ్బి, ఎండకు బిగిసింది. మొదటి తోపుకు కదలలేదు. రెండో తోపుకు కిర్రుమంది. హోటలు ఆయన వినాలనుకున్న చప్పుడు అదే. మంచం చప్పుడుకూ దానికీ పోలికే లేదు.

"అవ్వా! యథాస్థితి!" అన్నారు పరంధామయ్య గారు.

"ఈ ఇంట్లో వాకిలి తెరిచేదీ మూసేదీ నేను. నువ్వు ఫోటో తియ్యకముందు నుంచీ."

"అనర్హమగును! ఇక జన్మలో అది..."

"ఒట్టి వాకిలే గదా నాయనా. నాకు అదే కావాల."

రెక్క వస్తోంది. నాకు ఏం చేయాలో తెలియలేదు. ఎదురుగా అంతమంది. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, రెక్క అంచు పట్టుకుని, సగం మొహం లోపలికి పెట్టాను. లోపల జేజి మొహం నాకు అంత దగ్గరగా ఎప్పుడూ కనబడలేదు. ఆమె రెక్కను ఆపి, అంచు మీద నా వేళ్ళను ఒకటొకటిగా విడిపించింది.

"చేయి తీ మ్మే, నలుగుతాది" అంది. "ఆడ కూడా వాకిళ్ళు ఉంటాయిలే. పో."

చేయి తీశాను. రెండు రెక్కలూ కలిశాయి. లోపల అడ్డగడియ పడింది. దాని మీద ఆమె అరచేత్తో తట్టిన చప్పుడు కూడా వినబడింది.